తప్పు పిల్లిదా, ఉట్టిదా?

తెల్లవారుజామున నాలుగు గంటలవేళ వంటింట్లో ఏదో దభీమని పడుతుంది. అమ్మ లేచి లైటు వేస్తుంది. గట్టుమీద ఉండవలసిన పాలగిన్నె నేలమీద బోర్లాపడి ఉంటుంది. కిటికీ ఊచల మధ్యనుంచి ఒక తోక చివర చప్పుడు లేకుండా జారిపోతుంది. ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంటుంది అమ్మ. "తెచ్చి నెత్తిన పెట్టుకున్నది నువ్వేగా!" అని నాన్న మీమీద విరుచుకుపడతారు. మీరు దుప్పటి ముసుగు తన్ని నిద్ర నటిస్తారు.

పిల్లి ఉన్న ఇళ్ళల్లో ఈ నాటకం కొత్తదేమీ కాదు. దానిమీద మోపే నేరాల చిట్టా కూడా ఎక్కడైనా ఒకటే. సోఫా గుడ్డ చీరేస్తుంది. తలుపు చెక్కను గోళ్ళతో గీకుతుంది. ఉతికి మడతపెట్టిన బట్టలమీద పడుకుని బొచ్చు రాలుస్తుంది. బియ్యం బస్తా వెనకాల మూత్రం పోస్తుంది. చచ్చిన ఎలుకను తెచ్చి మంచం పక్కన పెడుతుంది. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. చివరికి ఇంటిల్లిపాదీ కలిసి ఇచ్చే తీర్పు ఏమిటంటే, కుక్కకున్న విశ్వాసం పిల్లికి లేదు, అది పగబట్టే జంతువు అని.

ఈ తీర్పు తప్పని నా అభిప్రాయం. అభిప్రాయమని ఎందుకంటున్నానంటే, నేను చెప్పబోయేదాంట్లో కొంత శాస్త్రం ఉంది, కొంత నా ఇష్టాయిష్టాలూ ఉన్నాయి. రెంటినీ విడదీసి చదువుకునే పని మీది.

ముందుగా నా నేరం ఒకటి ఒప్పుకోవాలి.

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో, అంటే 1970 దాటిన కొత్తలో, మా ఇంట్లో బూడిదరంగు చారల పిల్లి ఒకటి ఉండేది. దానికి పేరంటూ ఏమీ లేదు. "పిల్లి" అనే పిలిచేవాళ్ళం. ఆ ఏడు ఎండాకాలంలో దాని ఆగడాలు హఠాత్తుగా పెరిగిపోయాయి. ఎన్నడూ లేనిది పట్టపగలే వంటింట్లో దూరి ఎండుచేపలు ఎత్తుకుపోయింది. మజ్జిగ కుండ దొర్లించింది. ఎవరైనా అటక వైపు వెళ్ళబోతే చెవులు వెనక్కి వాల్చి బుస్సుమనేది. ఒకరోజు మా చెల్లెలి చేతిమీద గీరింది. దాంతో నాన్నగారు, "దీన్ని ఎక్కడన్నా వదిలేసి రండిరా" అన్నారు.

అన్నయ్య గోనెసంచి పట్టుకున్నాడు. నేను ఎండుచేప ముక్క చూపించి పిల్లిని రప్పించాను. నన్ను నమ్మింది కాబట్టే అది వచ్చింది. సంచి మూతి బిగించి, సైకిలు వెనక కట్టుకుని, రెండు మైళ్ళ అవతల కాలువ దాటించి, ఒక చింతతోపులో విప్పి వదిలాం. అది కాసేపు అక్కడే నిలబడి మావైపు చూసి, పొదల్లోకి పోయింది. ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మర్నాటి రాత్రి అటకమీదనుంచి సన్నగా ఏదో చప్పుడు వినిపించింది. ఎలుకలనుకున్నాం. పొద్దున్నే నాయనమ్మ నిచ్చెన వేయించి చూపిస్తే, పాత చేట వెనకాల చింకి గోనెపట్టా మీద నాలుగు పిల్లలు. కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. వాటిలో ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. నాయనమ్మ మమ్మల్ని తిట్టలేదు. "పాలిచ్చే తల్లిరా అది. అందుకే అంత ఆకలి" అని మాత్రం అంది. మేకపాలు తెప్పించి, గుడ్డవత్తి అందులో ముంచి వాటి నోళ్ళకు అందించటం మొదలుపెట్టింది. మేం మళ్ళీ సైకిలెక్కి కాలువ అవతలికి పరుగెత్తాం. తోపంతా గాలించాం. పిల్లి లేదు.

మూడోనాడు తెల్లవారేసరికి అదే వచ్చింది. ఒళ్ళంతా బురద. ముందుకాలు కుంటుతోంది. మా ఎవరివైపూ చూడకుండా అటకెక్కిపోయింది. అప్పటికి పిల్లలు రెండే మిగిలాయి.

ఫ్రాన్సిస్ హెర్రిక్ అనే అమెరికన్ జంతుశాస్త్రజ్ఞుడు ఒక తల్లిపిల్లిని దాని పిల్లలనుంచి వేరుచేసి, ఒక మైలు మొదలు నాలుగు మైళ్ళ దాకా రకరకాల దూరాల్లో వదిలిపెట్టి, అది తిరిగి ఇల్లు చేరటం చూశాడు. ఆ సంగతి 1922లో ఒక వ్యాసంగా రాశాడు. దాని గురించి నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరవాత. అదే ప్రయోగాన్ని నేను పన్నెండేళ్ళకే, ఏమీ తెలియకుండా, చేసేశానన్నమాట.

మా పిల్లిలో మేం చూసింది దొంగతనం, పొగరు, కోపం. అక్కడ నిజంగా ఉన్నది పాలిచ్చే తల్లి ఆకలి, పిల్లలున్న చోటికి ఎవరూ రాకూడదన్న భయం. "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది" అని మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనటం వినే ఉంటారు. ఏడు అన్న లెక్క మాటవరసకే కావచ్చు. కాని అలికిడైన చోటునుంచి తల్లి పిల్లల్ని మార్చటం నిజమే. ఈ సామెత చిన్నప్పుడే నాకూ తెలుసు. తెలిసీ అటకవైపు చూడాలని తోచలేదు. అప్పటినుంచీ పిల్లి ఏదైనా అల్లరి చేస్తే, "దీనికెంత పొగరు!" అనుకునే ముందు "ఇది ఏ పని చేస్తోంది?" అని అడగటం నాకు అలవాటైంది. మిమ్మల్ని కూడా అలా అడగమనే ఈ వ్యాసం.

ఇంతకీ పిల్లి మన ఇంటికి ఎలా వచ్చింది? కుక్క సంగతి వేరు. వేటకు, కాపలాకు పనికొచ్చేవాటిని, చెప్పినమాట వినేవాటిని ఏరి ఏరి వేల ఏళ్ళపాటు మనిషి పెంచుకుంటూ వచ్చాడు. పిల్లిని అలా ఎవరూ తీర్చిదిద్దలేదు. మనుషులు వ్యవసాయం నేర్చి ధాన్యం నిలవ చేశారు. ధాన్యంకోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకలకోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళనాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి అస్థిపంజరానికి మూరెడు దూరంలో ఒక పిల్లి అస్థిపంజరం కూడా ఉన్నదని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు. అంటే ఎవరో పడవలో వెంట తీసుకువెళ్ళి ఉండాలి. 2007లో దాదాపు వెయ్యి పిల్లుల జన్యువులను పోల్చి చూస్తే, ప్రపంచంలోని ఇంటిపిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల్లో తిరిగే ఒక అడవిపిల్లి సంతతేనని తేలింది. పొడినేలల్లో ఒంటరిగా తిరుగుతూ, ఎలుకల్ని పట్టుకుతినే జీవి అది.

పిల్లికీ మనకూ ఉన్న ఒప్పందం కాగితంమీద రాసుకుంటే రెండే వాక్యాలు: "గింజలు నీవి. ఎలుకలు నావి." అందులో సోఫాల ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇప్పుడు నేరాల చిట్టా తీసుకుందాం. గోళ్ళ సంగతితో మొదలుపెడతాను.

పిల్లి గోరు ఉల్లిపాయ పొరల్లా పెరుగుతుంది. పైపొర మొద్దుబారినప్పుడు దాన్ని ఊడదీసుకుంటేనే లోపలి వాడి గోరు బయటపడుతుంది. మీ పిల్లి గీకేచోట నేలమీద వెదికితే, నెలవంకలా వంగిన పల్చని గోటి తొడుగులు దొరుకుతాయి. ఒకటి పట్టుకుని భూతద్దంలో చూడండి. అయితే గోళ్ళకు పదును పెట్టుకోవటం ఒక్కటే కాదు దాని ఉద్దేశం. పంజాల అడుగున వాసన గ్రంథులుంటాయి. గీకినప్పుడు ఆ వాసన అక్కడ అంటుకుంటుంది. మన ముక్కుకు అందదు గాని, పిల్లికి అది గోడమీద రాసిన ఇంటిపేరు లాంటిది. పైగా నిద్రలేచి ముందుకాళ్ళు చాచి గీకితే వెన్నెముక పొడుగునా కండరాలు సాగుతాయి. మనం లేవగానే ఒళ్ళు విరుచుకోమూ? అలాగే.

ఇన్ని పనులు ఒక్కదెబ్బతో జరిగే అలవాటును కర్ర చూపించి మాన్పించగలమా? మాన్పించలేం. చోటు మార్చగలం, అంతే. రెండున్నర, మూడడుగుల కర్ర దుంగ ఒకటి తీసుకుని, కొబ్బరితాడు బిగుతుగా చుట్టి, ఊగకుండా నిలబెట్టండి. ఊగే దుంగ జోలికి పిల్లి రెండోసారి రాదు. దాన్ని ఏ మూలనో కాకుండా, అది ఇప్పుడు గీకుతున్న సోఫా పక్కనే పెట్టాలి. ఇంకో చిట్కా కూడా ఉంది. ఇళ్ళ పక్కన, పెంటదిబ్బల దగ్గర మొలిచే కుప్పింటాకు మొక్క మీకు తెలుసుగా! దాన్ని వేళ్ళతో సహా పీకి పిల్లి ముందు వెయ్యండి. చాలా పిల్లులు ఆ వేరును నాకి, ముఖానికి రుద్దుకుని, మత్తెక్కినట్టు దొర్లుతాయి. ఆ వేరుతో దుంగను రుద్దితే ఇక సోఫా గొడవ సగం తీరినట్టే. కొన్ని దేశాల్లో సోఫాలకోసం పిల్లి గోళ్ళు పీకించే ఆచారం ఉండేది. గోళ్ళే అంటారు గాని, నిజానికి ప్రతి వేలి చివరి ఎముకా కోసి తీసెయ్యటం అది. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. అమెరికాలో మొదటిసారి న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది.

రెండోది మూత్రం సంగతి. మీకు నవ్వు రావచ్చు. కాని పిల్లులు ఇల్లు పోగొట్టుకునేది ఎక్కువగా దీనివల్లే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పొడినేలల జంతువు కదా, పిల్లి మూత్రపిండాలు ఒంట్లోని నీటిని ఎంతో పొదుపుగా వాడతాయి. అందుకే దాని మూత్రం చాలా చిక్కన. ఆపైన అందులో ఫెలినీన్ అనే గంధకం కలిసిన అమైనో ఆమ్లం ఉంటుంది. మగపిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. ఇది విచ్ఛిన్నమవుతున్నకొద్దీ వాసన పెరుగుతుంది. అందుకే నిన్న రాని కంపు ఇవాళ వస్తుంది.

పిల్లి స్వభావం మాత్రం మలమూత్రాలను కప్పెట్టటమే. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే, ఆ వీధిలోని పిల్లులన్నీ ఇసకగుట్ట దగ్గరే హాజరు వేయించుకుంటాయి, చూశారా? మెత్తగా తవ్వటానికి వీలైనది దానికి కావాలి. మా చిన్నప్పటి పెరట్లో బూడిద పోగు ఉండేది, మట్టి ఉండేది. ఇప్పుడు పెరళ్ళకు సిమెంటు పోశాం. మూడో అంతస్తులో కాపురముంటూ పిల్లిని తలుపుమూసి ఉంచుతున్నాం. అది ఎక్కడికి పోవాలి? ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టెలో నాలుగు వేళ్ళ మందాన పొడి ఇసక పోసి, అలికిడి లేని మూల పెట్టి, రోజూ ఎత్తి శుభ్రం చెయ్యండి. తిండి పళ్ళెం పక్కన మాత్రం పెట్టకండి. మీరైతే అలాంటిచోట భోంచేస్తారా?

ఇంత చేసినా బయటే పోస్తోందంటే, మూడు కారణాలు చూడాలి. తొట్టె కంపు కొడుతూ ఉండవచ్చు. దాన్ని ఏదో భయపెట్టి ఉండవచ్చు. లేదా దానికి జబ్బు చేసి ఉండవచ్చు. మగపిల్లి పదే పదే కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా పొయ్యలేకపోతుంటే, మూత్రనాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అది గంటల్లో ప్రాణంమీదికి వచ్చే జబ్బు. అలాంటి సమయంలో కొట్టటం ఎంత అన్యాయమో ఆలోచించండి. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. నిలబడి, తోక వణికిస్తూ గోడమీదికి చిమ్మటం వేరే సంగతి. అది సరిహద్దు గుర్తు. ఈడువచ్చిన మగపిల్లులు ఎక్కువగా చేస్తాయి. చిన్నప్పుడే ఆపరేషను చేయిస్తే చాలామటుకు ఈ అలవాటు రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లి పాడుచేసిన చోటును మన ఇళ్ళల్లో ఫినాయిలు పోసి కడుగుతారు. తడి ఆరకముందే పిల్లి దానిమీద నడుస్తుంది. తరవాత కాళ్ళు నాక్కుంటుంది. నల్ల ఫినాయిల్లో ఉండే ఫినాల్ జాతి పదార్థాలను మన కాలేయం విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయంలో అందుకు కావలసిన ఎంజైము పని చెయ్యదు. ఆ విషం దాని ఒంట్లోనే ఉండిపోతుంది. ఇదే కారణంగా, మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తియ్యటానికి. "పాపం, ఒళ్ళు వెచ్చగా ఉంది" అని జాలిపడి బిళ్ళ నూరి పోసేవాళ్ళు దాన్ని చంపుతున్నారని వాళ్ళకు తెలియదు. బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండలూ దానికి విషమే. సబ్బునీళ్ళతో రెండుమార్లు కడిగి ఎండపెడితే సరిపోతుంది.

తెల్లవారుజామున లేపటం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎలుకలు తిరిగేది మునిమాపువేళ, తెల్లవారకముందు. కాబట్టి పిల్లికి అవే పనివేళలు. మనకు కావలసిన వెలుతురులో ఆరోవంతు ఉంటే చాలు, అది చూడగలదు. మన చెవికి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వని వినిపించదు. పిల్లికి 80,000 కంపనాల ధ్వని కూడా వినిపిస్తుంది. ఎలుకపిల్లలు చేసే, మనకు అందని కీచుమాటలు దానికి అందుతాయి. మీరు నిశ్శబ్దమనుకునే నాలుగు గంటల వేళ దానికి సంతలా ఉంటుంది. పడుకోబోయే ముందు తాడుముక్క ఆడిస్తూ దాన్ని బాగా పరుగెత్తించి, ఆ తరవాత తిండి పెట్టి చూడండి. అది అరిచినప్పుడల్లా లేచి పాలు పోశారంటే మాత్రం, శిక్షణ పొందుతున్నది పిల్లి కాదు, మీరు!

ఎలుకను తెచ్చి మంచం పక్కన పెట్టటాన్ని కొందరు "కానుక" అంటారు. అది మన ముచ్చటే. వేటను భద్రమైన చోటికి తెచ్చుకోవటం పిల్లి స్వభావం. మీ మంచం దానికి భద్రమైన చోటు. అందులో మీకు దక్కే గౌరవం ఏమైనా ఉంటే, అంతవరకే.

బట్టలమీద పడుకోవటం కూడా అలాంటిదే. మనకు హాయిగా ఉండే చలువ పిల్లికి చలి. ముప్పై డిగ్రీలనుంచి ముప్పై ఎనిమిది డిగ్రీల మధ్య వేడి దానికి సుఖం. మన భాషలో "పొయ్యిలో పిల్లి లేవలేదు" అనే మాట ఉంది కదా. ఆ ఇంట్లో వంట లేదు, పస్తులు అని దాని అర్థం. చల్లారిన పొయ్యిలోని వెచ్చని బూడిదలో పిల్లి పడుకోవటం చూసినవాళ్ళే ఆ మాట పుట్టించి ఉంటారు. గ్యాసు పొయ్యి వచ్చాక దాని పడక పోయింది. మడత బట్టలే దిక్కయినాయి. పాత దుప్పటి ఒకటి ఎండ తగిలే కిటికీలో వేసి చూడండి.

ఇక దొంగతనం. ఇది అన్నిటికంటే పెద్ద నేరం. దీనిమీదే నాకు చెప్పవలసింది ఎక్కువ ఉంది.

పిల్లి పూర్తిగా మాంసాహారి. దాని కంటికి, గుండెకు టారీన్ అనే పదార్థం అవసరం. దాన్ని తన ఒంట్లో కావలసినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలో, చేపలో దొరుకుతుంది. అన్నంలో, పప్పులో దొరకదు. టారీన్ లేని తిండి పెడితే పిల్లి కంటిపొర దెబ్బతింటుందని 1975లోను, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోను శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మనం ప్రేమగా పెరుగన్నం కలిపి పెడతాం. అది కాస్త నాకి వదిలేసి, పక్కింటివాళ్ళ చేపలబుట్ట మీదికి పోతుంది. అప్పుడు "దొంగపిల్లి" అని పేరు పెడతాం. పిల్లికి పాలు అమృతమని మరో నమ్మకం. తల్లిపాలు మానేసిన తరవాత చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. పాలు పోస్తాం, దానికి విరేచనాలవుతాయి, ఇల్లు పాడుచేసిందని కొడతాం. నేరం ఎవరిది, చెప్పండి? అన్నట్టు, పాయసం గిన్నెలో మూతి పెట్టే పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని గుర్తుపట్టే జన్యువు పిల్లిజాతిలో పనిచెయ్యదని 2005లో బయటపడింది. దాన్ని లాగేది పాయసంలోని నెయ్యి, పాల కొవ్వూనూ.

కాబట్టి పిల్లి వంటింటికి రాకుండా ఉండదు. దీన్ని మన పాతకాలపువాళ్ళు ఎలా ఎదుర్కొన్నారో చూడండి. వాళ్ళు ఉట్టి కట్టారు. మీలో కొందరు ఉట్టిని కృష్ణాష్టమినాడు ఉట్లు కొట్టే వేడుకలో తప్ప చూసి ఉండరు. తాళ్ళతో అల్లి, దూలానికి వేలాడదీసి, అందులో పాల కుండ, వెన్న కుండ పెట్టేవాళ్ళు. పిల్లి నిలబడ్డ చోటునుంచి అయిదడుగుల పైచిలుకు ఎగరగలదు. గోడ ఉంటే పాకగలదు. కాని ఉట్టి గోడకు ఆనుకోదు. గాలిలో ఉంటుంది, తగిలితే ఊగుతుంది, కాలు ఆనటానికి చోటివ్వదు. పిల్లి ఎత్తు, దూకే దూరం, దాని పంజాకు కావలసిన పట్టు అన్నీ లెక్కలోకి తీసుకుని కట్టిన పరికరమది. "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా?" అన్న సామెతలో ఎంత ధీమా ఉందో గమనించండి! పిల్లి శపిస్తే శపించుకోనీ, మన ఏర్పాటు మనకుంది అన్న ధీమా.

మేం పిల్లిని సంచిలో కట్టి తీసుకుపోయిన ఏడాదే, మా ఇంట్లో ఉట్టి తీసేసి చెక్క అలమర చేయించారు. దాని తలుపు సరిగా పడేది కాదు. ఎండుచేపలు పోయింది ఆ అలమరలోంచే. నాయనమ్మ ఆ మాట మెల్లగా ఒకసారి అంది గాని, ఎవరూ వినిపించుకోలేదు.

"అయితే పిల్లి కోసం మేం ఇల్లంతా మార్చుకోవాలా?" అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందరూ పిల్లిని పెంచాలని నేననను. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే వద్దు. పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీను కొందరికి సరిపడదు. అది ఒళ్ళు నాక్కుంటుంది కాబట్టి బొచ్చుతోబాటు ఆ ప్రోటీను ఇల్లంతా తిరుగుతుంది. చేప, గుడ్డు, మాంసం ఏవీ గుమ్మం తొక్కనివ్వని ఇల్లయితే, కుందేలును పెంచుకోవటం నయం. పక్కింటివాళ్ళు కోడిపిల్లలు పోయాయని అంటే, "పిల్లి కదా, ఏం చేస్తాం" అనటం న్యాయం కాదు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. తెల్లవారుజామున, చీకటిపడే వేళ దాన్ని తలుపు లోపల ఉంచే బాధ్యత మనది. కరిచినా గీరినా ఆ చోటును సబ్బు, పారేనీళ్ళతో పావుగంటసేపు కడిగి, ఇంట్లో చెప్పి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. రేబిస్ కుక్కలకే పరిమితం కాదు. పెంపుడు పిల్లికి ఆ టీకా వేయించాలి.

పిల్లలు పుట్టే సంగతి ముందే ఆలోచించాలి. ఆడపిల్లికి ఆరునెలలకే ఈడు వస్తుంది. తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఒక్కో ఈతలో మూడు నాలుగు పిల్లలు. ఏడాదికి రెండు మూడు ఈతలు. లెక్క మీరే వేసుకోండి. అన్నిటినీ సంచిలో వెయ్యవలసి వచ్చేదాకా ఆగకుండా ఆపరేషను చేయించటం మేలు. దిక్కులేకుండా, ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును వదిలెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. మేం కాలువ దాటిన రోజున ఆ చట్టం వచ్చి పదేళ్ళు దాటింది. మా ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు.

కొట్టటం గురించి ఒక్కమాట. మీరు సాయంత్రం బడినుంచి వచ్చి, పొద్దున చేసిన పనికి పిల్లిని కొడితే, ఆ దెబ్బను అది పొద్దుటి పనితో ముడిపెట్టుకోలేదు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మీతో ముడిపెట్టుకుంటుంది. మీరు వస్తే దాక్కుంటుంది. దాన్ని చూసి, "చూశావా, తప్పు చేసినట్టు దానికి తెలుసు!" అంటాం. భయపడిన పిల్లి కంటపడని మూల వెతుక్కుంటుంది. మూత్రం అక్కడే పోస్తుంది. కర్ర మన చేతిలో ఉన్నంతకాలం ఈ గానుగ ఇలా తిరుగుతూనే ఉంటుంది.

విశ్వాసం లేదన్న మాట కూడా నేను ఒప్పుకోను. పెద్దపిల్లులు ఒకదానితో ఒకటి "మ్యావ్" అనటం చాలా అరుదు. ఆ అరుపు ముఖ్యంగా మనకోసమే దాచుకున్నది. తిండి అడిగేటప్పుడు పిల్లి చేసే గుర్రు చప్పుడులో పసిబిడ్డ ఏడుపును పోలిన సన్నని స్వరం ఒకటి కలిసి ఉంటుందని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో గుర్తించారు. పొద్దున్నే మనల్ని పక్కమీదనుంచి లేపేది అదే. తన పేరును మిగతా మాటలనుంచి వేరుగా గుర్తుపట్టగలదని జపాన్ శాస్త్రజ్ఞులు 2019లో చూపించారు. పిలిస్తే రాదంటారా? వినపడక కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది నల్లది. దానికి పేరు కూడా ఉంది. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ కాగితాలమీద కూర్చుని రెండుసార్లు సిరా బుడ్డి తన్నబోయింది. బుడ్డిని సొరుగులో పెట్టుకున్నాను.

మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ సాయంత్రం ఒక పని చెయ్యండి. నాలుగైదు అడుగుల దూరంలో నేలమీద కూర్చోండి. దాని కళ్ళలోకి గుచ్చి చూడకండి, పిల్లుల భాషలో అది బెదిరింపు. కళ్ళు సగం మూసి, రెప్పలు మెల్లగా వాల్చి, మెల్లగా తెరవండి. 2020లో ససెక్స్ వాళ్ళే ఇది చేసి చూస్తే, చాలా పిల్లులు అలాగే రెప్పలు వాల్చి జవాబిచ్చాయి, కొన్ని దగ్గరికి కూడా వచ్చాయి. మీది ఏం చేసిందో, ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు చేసిందో, ఒక వారంపాటు నోటుపుస్తకంలో రాసి పెట్టండి.